మాట రాని ఫోను

“మల్లి స్తంభం దిగినాడా?” బయ్యన్న ఫోనులోకి గట్టిగా అరిచాడు.

అవతల ఎవరో ఎత్తారు. మాట లేదు. సన్నగా గలగలమని ఏదో చప్పుడు, అంతే.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడ్డ బయ్యన్నకు చెమటలు పట్టాయి. చేనుకు పోయే కరెంటు తీగ పొద్దున తెగింది. లైన్‌మన్ సెలవులో ఉన్నాడు. ఎండిపోతున్న వేరుశనగ ఆగదని కొడుకు మల్లికార్జున తానే స్తంభమెక్కి తీగ కడుతున్నాడు. బయ్యన్న ఇక్కడ ఫ్యూజులు పీకి కాపలా ఉన్నాడు. మధ్యలో గుట్ట అడ్డం. స్తంభం ఇంటి వాకిట్లోంచే కనబడుతుంది. అందుకే మల్లికార్జున తన ఫోను తల్లి ఓబులమ్మకిచ్చి పోయాడు. దిగినాడని ఇంటి నుంచి మాట వస్తేనే ఫ్యూజులు పెట్టాలి.

“ఈ పొద్దు కరెంటు ఇంకొంచేపే అన్నా,” అన్నాడు పక్కచేని తిప్పేష్. “నా చేను మాడిపోతాండాది. దిగేసింటాడులే, పెట్టు.”

“దిగకపోయింటే?”

తిప్పేష్ గుట్ట వైపు చూశాడు.

బయ్యన్న బ్యాటరీ ఊడదీసి, పంచెకు తుడిచి మళ్లీ పెట్టాడు. పక్కనున్న బండరాయి ఎక్కాడు. సిగ్నలు గీతలు నిండుగా ఉన్నాయి. ఇంటికి కలిపి, ఖళ్లుమని దగ్గాడు.

తిప్పేష్ నవ్వాడు. “ఫోన్లో కూడా దగ్గల్లనా అన్నా?”

“కొత్త కోడలొచ్చినప్పట్నుంచి అలవాటైపోయిందప్పా. గడపకాడ దగ్గితే ఆ పిల్ల పక్కకు తప్పుకుంటాది.”

ఫోను ఎత్తారు.

“ఓబులా, నువ్వేనా?”

గలగల.

“మల్లి దిగినాడా?”

గలగల.

“నా మాటన్నా ఇనపడతాండాదా?”

గలగల, గలగల.

“ఏదో గాలి రొదప్పా,” అన్నాడు బయ్యన్న నీరసంగా.

తిప్పేష్ తన ఫోను నుంచి బయ్యన్నకు చేసి చూశాడు. మాట ఖంగుమని వినిపించింది. “నీది బాగుండాది. ఇంటి ఫోన్లో, మాట్లాడే బెజ్జంలో దుమ్ము పడింటాది. ఇంక చేసి లాభం లేదు. ఇట్లియ్యి, నేను పెడతా!” అని ఫ్యూజుల కోసం చెయ్యి చాచాడు.

బయ్యన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. “పైనుండేది నా బిడ్డప్పా.”

ఫ్యూజులు మూడూ తువ్వాలులో మూటగట్టుకుని గుట్ట ఎక్కసాగాడు.

‘కదిరి నరసింహా! స్తంభంలోంచి వచ్చినవాడివి, స్తంభం మీదున్నవాణ్ణి చూసుకోలేవా? పిలిస్తే పలుకుతావంటారే, నువ్వూ ఆ ఫోను మాదిరేనా?’ అనుకున్నాడు. అలా అనుకున్నందుకు లెంపలేసుకున్నాడు.

గుట్ట పైనుంచి చూస్తే స్తంభం మీద ఎవరూ లేరు.

దిగాడా? పడ్డాడా?

ఇంటి దాకా పరుగెత్తాడు. వాకిట్లో మల్లికార్జున చెంబెత్తి నీళ్లు తాగుతున్నాడు.

“నాయనా! నేను దిగి శానాసేపాయె. నీకు ఫోన్లో కబురందిందనుకుంటి. కరెంటు యాడ?”

బయ్యన్న అరుగు మీద కూలబడ్డాడు. “మీ ఫోను చెడిపోయింది రా. ఎన్నితూర్లు అడిగినా ఒక్క మాటా రాలే.”

మల్లికార్జున దేవుడి గూట్లోంచి ఫోను తీసి తండ్రికి చేశాడు. “అలో!” ఆ మాట బయ్యన్న చెవిలో గింగురుమంది.

అంతలో ఓబులమ్మ నీళ్లబిందెతో వచ్చింది.

“ఏమే, అన్నితూర్లు అడిగితే పలకవేమి?” అన్నాడు బయ్యన్న.

“నన్నెప్పుడు అడిగినావు? నేను నీళ్లకు పోయింటి. స్తంభం చూస్తాండమని జయంతి చేతికి ఫోనిచ్చి పోయినా.” ఓబులమ్మ బిందె దించడానికి లోపలికి పోయి, కోడలితో గుసగుసలాడి, గడప దగ్గరికి వచ్చింది. “నువ్వడిగిన ప్రతిదానికీ జవాబిచ్చిందంట కదా!”

బయ్యన్న తలుపు వైపు తిరిగి చిన్నగా దగ్గాడు. “నిజంగా ఇచ్చినావామ్మా?”

తలుపు చాటున జయంతి, బుట్టకమ్మలు గలగలమనేలా తలూపింది.