ఎడమ తలుపు

"బావా, చెయ్యి తియ్యి! రంగు అంటుకుంటది!"

కమలాకర్ అరుపుకు పరమేశ్వర్ ఉలిక్కిపడి, ఎర్ర కారు మీది నుంచి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చౌటుప్పల్ దగ్గర హైవే పక్కన పాత కార్ల షెడ్డు అది. ఎదురుగా నేలను కరుచుకున్నట్టు రెండు ఇటలీ కార్లు. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుపచ్చది. పరమేశ్వర్ ముప్పై ఏళ్లుగా నూలుకు రంగులద్దుతున్న మనిషి. అతని గోళ్ల కింది ఎరుపు ఏ సబ్బుకూ పోదు. ఎండిన రంగు అంటుకోదని బామ్మర్దికి తెలియదా? తెలుసు. నలుగురిలో అనడానికే అన్నాడు.

"గది రెండొందల చీరె కాదు బావా. ఇటలీ కారు."

షెడ్డు యజమాని వెంకటేష్ పళ్లికిలించాడు. పక్కనే నిలబడ్డ వర్షిత కూడా నవ్వింది. డిగ్రీ చదువుతున్న పరమేశ్వర్ సొంత కూతురు. ఇంకెవరు నవ్వినా పోయేది. ఆ నవ్వు మాత్రం లోపల దిగింది.

"ఎర్రదా, పచ్చదా? జర తొందరగ చెప్పు బావా," అన్నాడు కమలాకర్. "ప్లాటు అమ్మిన పైసలల్ల ఎర్రది వస్తది. పచ్చదానికి ఇంకో ఇరవై లక్షలు కావాలె. ఇంజను మెకానిక్ చూసిండు. రంగులు నీకు ఎరుకనే గద, నువ్వు పైన చూడు."

"ఎర్రది గంత సస్తా ఎందుకు?" అడిగాడు పరమేశ్వర్.

"పాత మోడల్ అన్నా. బండికి గీత గూడ పడలే, నా మీద ఒట్టు," అన్నాడు వెంకటేష్.

పరమేశ్వర్ కారు చుట్టూ తిరిగాడు. ఎడమ తలుపు దగ్గర ఆగిపోయాడు. కారంతా ఒక ఎరుపు, ఆ తలుపు ఒక్కటీ ఇంకో ఎరుపు. పిసరంత ముదురు. మామూలు కంటికి నట్టెండలో కూడా దొరకదు. కానీ పది నూలు కట్టల్లో ఒక్కదాని ఛాయ తప్పిందంటే, ఆ ఒక్కదాన్నే రెండోసారి రంగులో ముంచారన్న మాట. అతని పనిలో దానికి తిరుగులేదు. అంటే ఈ తలుపు ఎక్కడో గుద్దుకుంది. సొట్ట తీసి, పైన రంగు పూసి, గీత కూడా పడలేదంటున్నాడు వీడు.

చెబుదామని నోరు తెరిచాడు.

"ఏంది బావా, చీరె అంచు చూసినట్టు చూస్తున్నవ్? మీటరెంతో అడగాల్నా?"

వర్షిత మళ్లీ నవ్వింది.

పరమేశ్వర్ మాట మింగేశాడు. ఒక్క తలుపే కదా. ప్రాణాలు పోయేదేం కాదు. రేపు ఎవడో తెలిసినవాడు చూసి, "మోసపోయినవు కదనే" అన్నప్పుడు బామ్మర్ది మొహం చూడాలి.

"మంచిగున్నది. తీస్కో," అన్నాడు.

గంటలో కాగితాల మీద సంతకాలయ్యాయి. కారుకు పసుపు కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. తాళం చేతికొచ్చాక కమలాకర్ నేరుగా బావ దగ్గరికొచ్చి, ఆ రంగు చేతులే రెండూ పట్టుకున్నాడు.

"ఇందాక జర నోరు జారిన బావా. మనసుల పెట్టుకోకు. ఆ మెకానిక్ వీళ్ల మనిషే, వాని మాట నేను నమ్మలే. నువ్వు మంచిగున్నదన్నంకనే సంతకం పెట్టిన."

పరమేశ్వర్‌కు చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. తిట్టినా బాగుండేది.

"కమలాకర్, ఆ తలుపు..."

"తలుపా? ఫస్టు నా మేనకోడలే తియ్యాలె! రా కోడలా, కూసో. ఉన్నయే రెండు సీట్లు, మీ నాయినకు జాగా లేదు. చెరువుగట్టు గుడి దాక పోయి, దేవునికి మొక్కుకొని వద్దాం."

"నాయినా, ఫొటో తియ్యి!" అంటూ వర్షిత ఎడమ తలుపు తీసుకుని కూర్చుంది. అద్దంలోంచి తండ్రిని చూసి నవ్వింది. ఈసారి ఆ నవ్వులో వెక్కిరింపు లేదు. పరమేశ్వర్ ఫోను పైకెత్తాడు. తలుపు మీదే చూపు పెట్టి ఫొటో తీశాడు.

"నెమ్మదిగ పోనియ్ రా," అన్నాడు. ఆపమనాల్సిన మనిషి ఆ ఒక్క ముక్కతో సరిపెట్టాడు.

"నెమ్మదిగ పోనీకి గింత పెట్టి కొంటనా బావా? రెండొందల స్పీడు చూపిస్త కోడలికి!"

నిమ్మకాయలు చితికాయి. కారు హైవే ఎక్కి, కళ్లు మూసి తెరిచేలోగా కనబడకుండా పోయింది.

పరమేశ్వర్ కూతురికి ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. రాగానే చెప్పేద్దాం, కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుందాం అనుకున్నాడు. ఒక్క తలుపే కదా అని ఇందాక అనుకున్న మాటే మళ్లీ అనుకున్నాడు. ఈసారి ఆ మాటతో మనసు కుదుటపడలేదు.

షెడ్డులో పనిచేసే ముసలి యాదయ్య వచ్చి నిమ్మతొక్కలు ఊడుస్తున్నాడు. అతని గోళ్ల కింద కూడా ఎరుపే. పరమేశ్వర్ దగ్గరికి పోయి గొంతు తగ్గించాడు.

"పెద్దన్నా, దాసిపెట్టకుండ చెప్పు. గా ఎర్ర కారు ఎడమ తలుపుకు రంగు ఏసింది నువ్వే గద? దెబ్బ చిన్నదే గద?"

యాదయ్య చీపురు ఆపి, వెంకటేష్ లోపలికి పోయాడా లేదా అని చూసుకున్నాడు. తర్వాత పరమేశ్వర్ చేతుల వైపు చూశాడు.

"నీ కన్ను మంచిదే తమ్మీ. గని నేను రంగేసింది మిగిలిన బండికి, ఆ తలుపును ముట్టనే లేదు. కారును లారీ కింద నుంచి గుంజిననాడు సాఫుగ మిగిలింది గదొక్కటే."