చెరువుగట్టున చారలమ్మ కొట్టు

ఏడు తోపుల్లో పల్లీల కొట్లు నడిపే ఉడుత చారలమ్మకి ఎనిమిదోది కప్పల చెరువు దగ్గర తెరవాలని బుద్ధి పుట్టింది.

"ముందు కప్పలేం తింటాయో కనుక్కోవే," అన్నాడు మొగుడు.

"తోపుల్లో ఎవర్నడిగి పెట్టాను? అందరూ ఎగబడలేదూ!" అని కసిరి, పాత కొట్లు ఖాళీ చేసి మరీ గట్టు మీద బస్తాలు పేర్పించింది.

నెల దాటినా ఒక్క కప్పా గడప తొక్కలేదు. చారలమ్మ ధర సగానికి తగ్గించింది, మామిడాకుల తోరణాలు కట్టించింది. అయినా ఈగ కూడా వాలలేదు. ఇంతలో వానలు పట్టుకున్నాయి. చెమ్మకి పల్లీలన్నీ పుచ్చిపోయి, బస్తాల నిండా పురుగులు లుకలుకలాడాయి.

ఓ పొద్దున తలుపు తీసేసరికి కప్పల వరస చెరువు దాకా ఉంది! చారలమ్మ పొంగిపోయింది. "చూశావా నా తెలివి?" అని మొగుణ్ణి దెప్పి, ఇంకో వంద బస్తాలకి కబురంపింది.

కప్పలు లోపలికి దూకి, నాలుకలు చాపి, పొట్టలు నింపుకుని బయటికొచ్చాయి. పెద్ద కప్ప బోదురయ్య గట్టిగా త్రేన్చి గడపలో ఆగాడు.

"సరుకు అదిరిపోయింది తల్లీ! ఈసారి మాత్రం ఆ పల్లీలు అడ్డం లేకుండా చూడు."