ఇంట్లో చేసిన స్టాండు

గేటు దగ్గర వాడు మళ్ళీ నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, ఈడ నీకేం పని?" అనంతకుమార్ వరండాలోంచే గద్దించాడు.

వాడు తెల్లబోయి, ఒక వెర్రి నవ్వు నవ్వాడు. వరండాలో స్టాండు మీదున్న అద్దాల తొట్టిని, అందులో తిరిగే చేపలను వేలితో చూపించాడు.

"చూసింది చాలు. పో, పో!"

అదే మాట తమిళంలో చెప్పాడు, కన్నడంలో చెప్పాడు. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న మూకండపల్లిలో ఈ మూడూ వస్తే బతుకు సాఫీగా సాగిపోతుంది. వాడికి మూడూ రావు. అస్సాం నుంచి కొత్తగా దిగాడు. పక్క వీధి రేకుల షెడ్డులో తనలాంటి కూలీలతో ఉంటున్నాడు. షిఫ్టు అయిపోయి పోతూ పోతూ ఈ గేటు దగ్గర ఆగడం అలవాటు చేసుకున్నాడు.

అనంతకుమార్ నాలుగేళ్ళ కూతురు ప్రియకు మాత్రం వాడంటే ఎంత సంబరమో!

"చేపల మామ వచ్చినాడు!" అంటూ స్టాండు అడ్డకమ్మీ మీద కాలు పెట్టి ఎక్కి, ఏ చేప ఎక్కడుందో వాడికి చూపిస్తుంది.

అదే తండ్రికి గిట్టదు. ఫోను తెరిస్తే చాలు, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళ కబుర్లే.

ఇక ఆ స్టాండు అనంతకుమార్ సొంత చేతి పని. కొంటే ఏం గొప్ప అని ఇనుప యాంగిల్ ముక్కలు ఏరి తెచ్చాడు. వెల్డింగ్ మిషను ఎవరినో అడిగి తెచ్చాడు. ఒక్క ఆదివారంలో నిలబెట్టేశాడు. ఫ్యాక్టరీలో ఆయనది క్వాలిటీ చెకింగు. పొద్దస్తమానం ఇతరుల పనికి వంకలు పెట్టే మహానుభావుడు, తన పని దగ్గరికొచ్చేసరికి నల్లరంగు పూసి మురిసిపోయాడు.

తొట్టిలో నీళ్ళు నింపాక స్టాండు కొంచెం ఊగింది.

"ఇది ఆడతా ఉండాది, చూసుకోండి," అంది భార్య రేణు.

"నేల ఎగుడుదిగుడుగా ఉండాదిలే. నాకు తెలీదా?"

కాలి కింద ఒక అట్టముక్క మడిచి పెట్టి చేతులు దులుపుకున్నాడు.

ఆ శనివారం సాయంత్రం రేణు మిద్దె మీద బట్టలు తీస్తోంది. అనంతకుమార్ చేపల మేత కోసం వీధి చివరి అంగడికి పోయాడు. తిరిగి వస్తుంటే ఇంట్లోంచి పెద్ద చప్పుడు, వెంటనే ప్రియ ఏడుపు.

ఒక్క పరుగున వచ్చాడు. గేటు బార్లా తెరిచి ఉంది. స్టాండు ఒరిగి పడింది. వరండా అంతా నీళ్ళు, గాజు పెంకులు, కొట్టుకుంటున్న చేపలు. వాటి మధ్యలో వాడు! వాడి చేతుల్లో ప్రియ. పిల్ల గౌను నిండా నెత్తురు.

అనంతకుమార్‌కు ఒళ్ళు తెలియలేదు. పిల్లను లాక్కొని, మిద్దె దిగి వచ్చిన రేణు చేతుల్లో పెట్టి, వాడి చెంప ఛెళ్ళుమనిపించాడు.

"పాపను ఎత్తుకపోదామని వచ్చినావా?"

వీధి వీధంతా చేరింది.

"నేను చెప్పలేదా అనంతూ? వీడి వాలకమే బాగలేదని!" అన్నాడు ఎదురింటి రాజప్ప.

తలా ఒక దెబ్బ వేశారు. వాడు చేతులు అడ్డం పెట్టుకొని తన భాషలో ఏదో మొత్తుకున్నాడు. ఎవడికి కావాలి? వీధి చివరిదాకా నెట్టుకుంటూ పోయారు.

"మళ్ళీ ఈ పక్క కనబడినావో, కాళ్ళు విరుగుతాయి!"

జనం పలచబడ్డాక అనంతకుమార్ స్టాండును లేవనెత్తబోయాడు. వెనక కాలు ఊడి చేతికొచ్చింది. వెల్డింగు పైపైనే పట్టింది, లోపల అంటుకోనే లేదు. ఫ్యాక్టరీలో ఇట్లాంటిది కంటపడితే చేసినవాడిని నిలబెట్టి కడిగేసేవాడు. అటూ ఇటూ చూసి, ఆ కాలును గోడ వారకు నెట్టేశాడు. వాడు తోసి ఉంటాడు, అందుకే ఊడింది అని తనకు తానే చెప్పుకున్నాడు.

"ఒకసారి ఇట్లా రాండి!" లోపలినుంచి రేణు పిలిచింది.

పిల్లకు నీళ్ళు పోసి తుడుస్తోంది.

"ఒంటిమీద ఒక్క గీత లేదండీ. ఇంత నెత్తురు యాడిది?"

ప్రియ వెక్కుతూనే చెప్పింది. "నేను ఎక్కినాను నాన్నా. చేపలిల్లు నా మీదికి వచ్చేసింది. మామ ఉరికొచ్చి నా మీద పండుకున్నాడు."

అనంతకుమార్ ఉన్నచోటనే కూలబడ్డాడు. ఛీ, ఎంత పాపం చేశాను!

"ఇంకా కూర్చున్నారేం? పోయి పిల్చుకొని రాండి!" అంది రేణు.

"పొద్దున్నే పోతాను. ఇప్పుడు పోతే వీధిలో వాళ్ళు ఏమనుకుంటారు?"

రేణు అతని వంక ఒక చూపు చూసింది. పిల్లను ఎత్తుకొని గదిలోకి పోయింది.

తెల్లారీ తెల్లారకముందే రేకుల షెడ్డుకు పోయాడు. అతన్ని చూడగానే బయట పళ్ళు తోముకుంటున్నవాళ్ళు చప్పున లోపలికి తప్పుకున్నారు. ఏళ్ళుగా ఇక్కడే ఉండి తెలుగు నేర్చుకున్న ఒక్కడు మాత్రం గడపలో నిలబడ్డాడు.

"నిన్న మా ఇంటికి వచ్చినాడే, అతను యాడ?"

"పోయినాడన్నా. వీపులోనుంచి, చేతుల్లోనుంచి గాజు ముక్కలు తీసి కట్టు కట్టినాము. ఆస్పత్రికి పోదామంటే వినలేదు. ఈ ఊరే వద్దని బెంగళూరు పోయి రైలెక్కేసినాడు."

అనంతకుమార్ జేబులోంచి ఫోను తీశాడు. "నంబరన్నా ఇయ్యప్పా. నేను మాట్లాడాల."

అతను తల వంచుకున్నాడు.

"రైల్లోనుంచి వాడే నాకు ఫోన్ చేసినాడన్నా. పాపకు గాజు ఏమన్నా గుచ్చుకునిందేమో, ఒకసారి పోయి చూసి రా అన్నాడు. మీ వీధిలోకి రావాలంటే నాకే భయమేసి రాలేదు."