తిట్ల ఫెలోషిప్

మార్తమ్మ పందెం పుంజు తెల్లారేసరికి మాయమైంది. దొంగ ఎవరో ఆమెకు తెలుసు. పక్కింటి రామాయమ్మే. ఆ మాట గోడ మీదుగా గురజాల సగానికి వినబడేట్టు అరిచి చెప్పింది.

"నా పుంజును మింగినోళ్ల గొంతులో అది తెల్లార్లూ కుయ్యా! వాళ్ల పొయ్యిలో పిల్లి పడుకోనూ!"

"నీ బోడి పుంజు నాకెందుకే? నీ నోట్లో నాగజెముడు మొలవా!" అంది రామాయమ్మ, చేట పట్టుకునే బయటకొచ్చి.

మార్తమ్మ ఇంటి ముందు గదిలో అద్దెకుంటున్న రాజరత్నం, పెన్సిలు పట్టుకుని కిటికీ దగ్గరకు పరుగెత్తాడు.

రాజరత్నం భాషాశాస్త్రం చదివినవాడు. పల్నాటి ఆడవాళ్ల తిట్ల మీద పరిశోధన చెయ్యమని విశ్వవిద్యాలయం ఫెలోషిప్ ఇచ్చి పంపింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క తిట్టూ దొరకలేదు. అడిగితే ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. అడిగించుకుని చెప్పిన తిట్లు పనికిరావనీ, నిజం కోపంలో వచ్చినవే కావాలనీ, ఎండాకాలం లోపు తేకపోతే ఫెలోషిప్ ఆపేస్తామనీ ప్రొఫెసర్ కబురు పెట్టాడు. ఆ సంగతి చెబుతూ రాజరత్నం అన్నం ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"లేని కోపం యాడ నుంచి తెచ్చేది నాయనా?" అంటూ మార్తమ్మ ఇంకాస్త గోంగూర వడ్డించింది.

ఇప్పుడు దేవుడు కరుణించాడు. పొద్దునా సాయంత్రం పోట్లాటే. పుట్టుక మీద, నడక మీద, వండే కూర మీద, ఎన్నడూ వినని తిట్లు. ఒకసారి పెన్సిలు ముక్కు విరిగింది. అతను చెక్కుకునేదాకా ఇద్దరూ ఆయాసం తీర్చుకున్నారు. తన అదృష్టానికి తనే పొంగిపోయాడు.

వారం తిరిగేసరికి ఆ పొంగు చల్లారింది. ఒకరి బిడ్డకు ఒకరు పాలిచ్చి పెంచుకున్న మనుషులు వాళ్లు. రామాయమ్మ ఇంటి నుంచి రోజూ వచ్చే మజ్జిగ చెంబు ఆగిపోయింది. చర్చికి పోతూ మార్తమ్మ ఆ గుమ్మం వైపు తల తిప్పనైనా తిప్పలేదు. వాళ్ల స్నేహం బుగ్గిపాలవుతుంటే తాను సంబరంగా రాసుకుంటున్నాడు. రాజరత్నానికి అన్నం సయించలేదు.

గొడవ ఆ నోటా ఈ నోటా పడి కానిస్టేబుల్ సత్తార్ దాకా పోయింది. అతను నేరుగా రామాయమ్మ గుమ్మం ముందు సైకిల్ ఆపాడు.

"అమ్మా, నీ దొడ్డి ఒకసారి చూడాల."

రామాయమ్మ మొహం పాలిపోయింది. అది చూసి రాజరత్నం ఉండబట్టలేక గడప దాటాడు.

"ఆవిణ్ణి ఏమీ అనకండి. పుంజును తీసింది నేను. వీళ్లు తిట్టుకుంటే రాసుకోవచ్చని తీశాను. పిడుగురాళ్లలో అమ్మేశాను."

"ఏందయ్యా, చదువుకున్నోడివి, ఇదేం బుద్ధి?" సత్తార్ అతని భుజం పట్టుకున్నాడు. "పద స్టేషన్‌కి. దొంగతనం కేసు పడిందంటే నీ ఫెలోషిప్పు గీలోషిప్పు అన్నీ ఎగిరిపోతయి."

రాజరత్నం చెప్పులు తొడుక్కున్నాడు.

ఆడవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రామాయమ్మ గబుక్కున లోపలికి పోయి, పుంజును చంకన పెట్టుకుని వచ్చింది.

"వదిలెయ్ సత్తారూ! మా గడ్డివాము సందులో ఇరుక్కుందయ్యా. ఇప్పుడే కనబడింది."

అన్నాళ్లు గడ్డివాములో ఇరుక్కున్న పుంజు నిగనిగలాడుతోంది. సత్తార్ దాన్ని చూశాడు, రామాయమ్మను చూశాడు, తలదించుకున్న రాజరత్నాన్ని చూశాడు. దొంగ ఎవరో అతనికి అర్థమైపోయింది.

"మార్తమ్మా, కేసు పెడతావా?"

"ఇరుగూ పొరుగూ అన్నాక ఎందుకులే అయ్యా."

సత్తార్ సైకిలెక్కాడు. ఒక కాపురం నిలబెట్టినంత తృప్తిగా రాజరత్నం తన గదిలోకి వెళ్లిపోయాడు.

అతని తలుపు మూసుకున్నాక మార్తమ్మ కళ్లొత్తుకుని, గోడ మీదికి వంగి, గొంతు తగ్గించింది.

"పిచ్చి నాయన, మనకోసం జైలుకు పోబోయిండు వదినా. ఇంకా చానా తిట్లు మిగిలున్నయి గదా, రేపు నీ మేకపిల్లను మా ఇంట్లో దాస్తా, ఈసారి నువ్వు మొదలుపెట్టు!"