ఊరికే ఇచ్చిన బంటు

రంగనాథ్ సంచీ సర్దుకుంటున్నాడు. నీళ్ళ సీసా, కళ్ళజోడు డబ్బా, ఆఫీసు ఏసీ చలికి వేసుకునే స్వెట్టరు. కంపెనీ ల్యాప్‌టాప్, ఫోను అప్పటికే వాపసు ఇచ్చేశాడు.

వెళ్ళేముందు ఒక్క ఆట ఆడదామా అని కళ్యాణిని అడిగాడు. ఆమె మొహమాటానికి చదరంగం ముందు కూర్చుంది.

చలికాలం నుంచి ఇద్దరికీ ప్రాజెక్టు లేదు. మార్చి ఆఖరికి కూడా దొరకనివాళ్ళను పంపించేస్తామని కంపెనీ చెప్పింది. కొత్త ప్రాజెక్టులో ఉన్నది ఒక్క చోటు. క్లయింటు ఇద్దరినీ ఇంటర్వ్యూ చేశాడు. చోటు కళ్యాణికి వచ్చింది.

ఆమెకు జీతం కంటే ఇన్సూరెన్సు కార్డు ముఖ్యం. తల్లి రత్నమ్మకు మియాపూర్‌లో డయాలసిస్ ఆ కార్డు మీదే జరుగుతోంది. ఉద్యోగం పోతే కార్డు పోతుంది.

ఇంటర్వ్యూలో రంగనాథ్‌కు నోరు పెగల్లేదని ఆఫీసులో అనుకున్నారు. ఈ వయసులో అంతేలే అని కళ్యాణి కూడా అనుకుంది.

ఆట మొదట్లోనే అతను ఒక బంటును ఆమెకు అందేలా జరిపాడు.

“ఊరికే ఇస్తాండారు, చూసుకున్నారా సార్?”

“చూసుకునే ఇస్తున్నానమ్మా. నువ్వు దాన్ని కొట్టి, నిలుపుకునేలోపు నా గుర్రాలు బయటికొస్తాయి.”

ఆమె కొట్టింది. ఆ లాభం నిలుపుకోవడానికే ఎత్తులన్నీ ఖర్చయ్యాయి. అతని గుర్రాలు వచ్చాయి, మంత్రి వచ్చాడు. ఆమె రాజు కదలలేకపోయాడు.

గెలిచినా అతను నవ్వలేదు.

కార్డు లేకపోతే ఇంట్లోవాళ్ళకు కష్టం కదా సార్ అంది ఆమె, ఏదో ఒకటి అనాలని.

“మా అమ్మ కార్తీకంలో పోయింది. నా కార్డు మీద ఇంకెవరూ లేరమ్మా.”

అయ్యో అని, ఆమె ఫోను చూసుకుంది. ఆఫీసు బస్సుకు వేళయింది. లిఫ్టు దాకా కూడా అతనితో వెళ్ళలేదు.

సోమవారం కొత్త మేనేజరు ప్రవళిక ఆమెకు సీటు చూపించింది. పాపం రంగనాథ్ సార్, ఇంటర్వ్యూలో తడబడ్డారంట కదా అంది కళ్యాణి.

ప్రవళిక చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“తడబడలే. ఆ మాట పుట్టించింది గూడ ఆయనే. క్లయింటు ఫస్ట్ తీసుకున్నది ఆయన్నే.”

కళ్యాణి అతనికి ఫోన్ చేసింది. కంపెనీ ఇచ్చిన నంబరు అది, పనిచేయడం లేదు.

తనకొచ్చిన చోటు కళ్యాణికి ఇమ్మని అడిగిన రంగనాథ్, మార్చి ఆఖరి శుక్రవారం సాయంత్రం వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.