పోయిండు కాదు, పోయిన్రు

ఆ పొద్దున ఇబ్రహీంపట్నం చెరువు మీద మబ్బు నల్లగా కమ్మింది. చినుకు రాల్చకుండానే సాగర్ రోడ్డు దాటి పోయింది.

కూలి నారయ్య, హన్మంత్ చాయ్ హోటల్ ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"దొర పోయిండు. మధ్యాన్నం మట్టి. మోయనీకి నలుగురు కావాలె, జర రాండ్రి."

హన్మంత్ చేతిలో గ్లాసు ఆగింది. అతని వయసు నారయ్య వయసులో సగం.

"పోయిండు అంటవేందిరా? దొరను పోయిన్రు అనాలె. సచ్చినంక గూడ ఇజ్జత్ ఇయ్యవా?"

నారయ్య ఏదో చెప్పబోయాడు. అప్పటికే హోటల్ షట్టర్ దిగింది.

భూములన్నీ ప్లాట్లయి చేతులు మారినా, అక్కడ దొర అంటే ఇప్పటికీ మహిధర్‌రావు ఒక్కడే. ప్లాట్లు అమ్మే పరమేశ్వర్ బస్ డిపో ముందు నిలువెత్తు దండ కొన్నాడు. యాభై మంది పెద్దింటి దారి పట్టారు. చేతులూపుతూ నారయ్య వాళ్ల వెనకాలే ఉరికాడు. ఎవరూ తిరిగి చూడలేదు.

పెద్దింటి అరుగు మీద మహిధర్‌రావు పేపర్ చదువుకుంటున్నాడు.

అందరూ కొయ్యబారిపోయారు. సంగతి విని ఆయన కళ్లజోడు తీశాడు.

"ఏరా నారిగా, బతికున్నోన్ని సంపినవా?"

"నేను మిమ్ముల అనలే, దొరా."

"మరి ఇంకో దొర ఎక్కడున్నడురా, మీ వాడల?"

యాభై మందీ పగలబడి నవ్వారు. నారయ్య నోరు తెరిచాడు. ఆ నవ్వులు చూసి మళ్లీ మూసుకున్నాడు.

కొన్న దండ దండగ కాకూడదని పరమేశ్వర్ దాన్ని దొర మెడలోనే వేశాడు. "నూరేండ్లు బతుకుర్రి, దొరా!" వచ్చినవాళ్లందరికీ చాయ్ పోశారు.

నారయ్య వాడలో ఇల్లిల్లూ తిరిగాడు. మగవాళ్లంతా ఎప్పుడో పనులకు పోయారు. ముగ్గురే దొరికారు. మళ్లీ హోటల్ ముందుకు వచ్చాడు.

"ఇంకొక్కడు కావాలె, హన్మంతన్నా."

"ఎవన్ని మోస్తవ్ ఇంక? దొర బతికే ఉన్నరు గదా! పొద్దుగాల్నే తాగినవా? పో, పో."

నాలుగో భుజం నారయ్యే ఇచ్చాడు.

పొద్దు వాలాక నారయ్య, అతని భార్య సుసన్న, మోసిన ఆ ముగ్గురు నేల మీద కూర్చుని ఇన్ని మెతుకులు తిన్నారు. ఊరంతా 'దొరా' అని పిలవక తప్పదని ఇరవై మూడేళ్ల కింద నారయ్య తన ఒక్కగానొక్క కొడుక్కు ఏరికోరి పెట్టుకున్న ఆ పేరు, ఆ ఇంటి గడప అవతల ఏనాడూ ఇంకెవరి నోటా రాలేదు.