గల్‌బ్రెయిత్ గారి శవపేటిక తాడు

చర్చి పెద్దలకు ఎల్స్‌పెత్ చెప్పుకుంటున్నది. నాకు రాత రాదు, బడి పంతులు రాస్తున్నాడు.

ఆర్కిటెక్టు గల్‌బ్రెయిత్ గారి శవపేటికను గోతిలోకి దించే తాడు ఆడదాన్నై ఉండి పట్టానని నన్ను వెలివేస్తామన్నారు.

ఎడిన్‌బరోలో చదివొచ్చి మన రేవుకు బడి, చేపల సంత, చివరికి ఈ చర్చి కట్టింది ఆయనే. చర్చి గోడ కూలి జనం చచ్చాక ఊళ్ళో ఎవరూ ఆయన ముఖం చూడలేదు. శ్మశానంలో తాళ్ళు పట్టుకోవడానికి ఒక్క మగాడూ ముందుకు రాలేదు.

నేను తాడు అందుకోగానే గేటు అవతల నుంచి మీలో ఒకాయన అరిచాడు. "ఏమే ముసలీ, వాడు నీకేమవుతాడే? మొగుడా?"

"నీకంత రోషముంటే వచ్చి పట్టవయ్యా, నేను తప్పుకుంటా" అన్నాను. ఆయన కదల్లేదు. గోతులు తవ్వేవాడూ నేనూ కలిసి దించాం.

ఏమవుతాడో ఇప్పుడు చెబుతున్నాను. ఆ గోడ కింద పోయినవాళ్ళలో నా ఒక్కగానొక్క కొడుకున్నాడు. గోడ కూలిన మర్నాడు గల్‌బ్రెయిత్ గారు నా గుమ్మంలో నిలబడి, "పెద్దలు ఖర్చు తగ్గించమంటే గోడ పలచన చేశానమ్మా. కాదనాల్సింది. తప్పు నాది" అన్నాడు.

నేనాయన్ని క్షమించలేదు. ఇప్పటికీ లేదు.

కానీ తగ్గించమన్న మీలో ఒక్కరైనా ఇంతవరకు నా గుమ్మానికి రాలేదు.